మూడో పిలుపు
‘ఎడమచేతి దారం’ నవల: పద్నాలుగో భాగం

చక్రాల బ్యాగు మళ్ళీ తెరిచి ఉంది. త్రివేణి నిన్ననే మూసి, తాళం వేసి, గోడకు ఆనించిన బ్యాగు అది. ఇప్పుడు దాని ముందు భూమవ్వ కాళ్ళు చాపుకొని కూర్చుంది. నర్సు బట్టలు రెండు జతలు తీసి ఒళ్ళో పెట్టుకొని, అడుగున చెయ్యి పెట్టి దేనికో చోటు చేస్తోంది.

“ఏం పెడుతున్నవ్ అవ్వా?”

“ఏం లేదు తియ్.”

“గా చేతిల ఏంది మరి?”

చేతిలో ఉన్నది బీడీల కత్తెర. నలభై ఏళ్ళుగా తునికాకు కోసి కోసి అంచు అరిగిపోయిన కత్తెర. ఇనుము వెంట ఉంటే గాలీ ధూళీ దగ్గరికి రావని భూమవ్వ నమ్మకం. మస్కట్‌లో మాత్రం గాలి ఉండదా?

“ఎయిర్‌పోర్టుల గుంజుకుంటరే. నన్ను గూడ పక్కకు నిలవెడ్తరు.”

“ఎందుకు గుంజుకుంటరు? ఆకు కోసే కత్తెర అని చెప్పు.”

“మా అవ్వ దయ్యాలకు భయపడి పెట్టింది సార్ అని చెప్తా తియ్. ఇగ ఇయ్యి.”

భూమవ్వ ఇవ్వలేదు. కత్తెరను తన బొడ్లో దోపుకొంది. బట్టలు మళ్ళీ మడత పెట్టి, ఒక్కొక్కటీ అరచేత్తో నిమిరి, లోపల పెట్టింది.

పోయిన వారం మనం ఈ ఇంటి గడప దిగేసరికి త్రివేణి ఒక మాట మీద నిలబడి ఉంది. సోమవారం రాత్రి విమానం. మస్కట్ దవాఖానలో రెండేళ్ళ ఒప్పందం. ఎక్కే ముందు బాపు బొందను చూడాలి. చూడకుండా పోనంటే పోనంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, నిజామాబాద్ ప్రైవేటు దవాఖానలో రెండేళ్ళు రాత్రి డ్యూటీలు చేసిన పిల్ల, తండ్రిని పూడ్చిన చోటు ఇంతవరకు చూడలేదు.

చూడనివ్వనిది భూమవ్వ. కొడుకు శివకుమార్ ఎడపల్లి దగ్గర చెరుకు ట్రాక్టరు బోల్తా పడి పోయినప్పుడు త్రివేణికి ఏడాదిన్నర. వాళ్ళ ఇంట్లో పూడ్చడమే ఆనవాయితీ కాబట్టి ఊరి బయట పాత బొందలగడ్డలో పూడ్చారు. పదిహేను రోజులు తిరగకముందే కోడలు సుమలత కాలువలో పడి చనిపోయింది. త్రివేణికి తెలిసిన కథ ఇంతే.

ఆ తర్వాత నెలకే భూమవ్వ ఎడపల్లి ఇల్లు అమ్ముకొని, పిల్లను చంకనేసుకొని నిజామాబాద్ వచ్చేసింది. ప్రతి ఏడూ పెద్దలకు పెట్టే అమావాస్య, పెత్తరమాసనాడు కొడుకు కోసం గారెలు వండేది, బీడీలు కట్టేది, వాటిని ఎవరో ఒకరి చేతికిచ్చి పంపేది. తాను మాత్రం ఆ గడ్డ తొక్కలేదు. ఎందుకంటే అక్కడ దయ్యం ఉంది. ఎడపల్లి మొత్తానికి తెలుసు. తల నిండా కొంగు కప్పుకొన్న ఆడమనిషి బొందల నడుమ తిరుగుతుంది. ఎవరూ లేని చోట బీడీ పొగ లేస్తుంది. చెరుకు కొట్టే కూలీలు ఆ పక్కన కూర్చుని సద్ది కూడా విప్పరు.

అది ఎవరి దయ్యమో ఊరికి తెలియదు. భూమవ్వకు తెలుసు.

అందుకే తెల్లారేసరికి ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. తనకు అరవై ఆరేళ్ళు. పిల్ల తిరిగి వచ్చేదాకా తాను ఉంటుందో లేదో. ఆ దయ్యం పిల్ల వెంట సముద్రం దాటి పోతే అక్కడ వదిలించేవాళ్ళు ఎవరు? తానే పోవాలి. తానే ఎదురుగా నిలబడి అడగాలి. పిల్లను పోనియ్యమని కాళ్ళు పట్టుకోవాలి.

“పోదాం పా,” అంది. “ఇయ్యాల పెత్తరమాస. దినం మంచిదే.”

బోధన్ బస్సు కిక్కిరిసి ఉంది. కండక్టరు ఆధార్ కార్డు అడిగాడు. భూమవ్వ బొడ్డు సంచి విప్పి, నాలుగు కవర్లలో చుట్టిన కార్డు తీసి చూపింది. కండక్టరు కార్డునూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

“గిది నువ్వేనా అవ్వా? ఫోటోల దయ్యం లెక్క ఉన్నవ్.”

బస్సులో నలుగురు నవ్వారు. త్రివేణి కూడా నవ్వింది. భూమవ్వ బొడ్లో కత్తెరను తడిమి చూసుకొంది. కండక్టరు రెండు జీరో టికెట్లు చింపి ఇచ్చాడు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక కూడా ఆమె ఎక్కడికీ పోలేదు. టికెట్‌ను తిప్పి చూసింది. ఊరి పేరు ఉంది, తేదీ ఉంది, టైము ఉంది. ధర ఉండాల్సిన చోట సున్నా ఉంది.

ఎడపల్లి దాటాక చెరుకు తోటల పక్కన దిగారు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డా ఇంకా చెరుకును వదలని రైతులు నలుగురైదుగురు ఉన్నారు. మనిషికి రెండింతలు పెరిగిన చెరుకు నడుమ బండిబాట. దాని చివర బొందలగడ్డ.

ముందు కనిపించింది తంగేడు. పెత్తరమాసనాడే ఎంగిలిపూల బతుకమ్మ కాబట్టి ఊళ్ళ పక్కన ఒక్క కొమ్మ మీద కూడా పువ్వు మిగలదు. పిల్లలు పొద్దున్నే దూసుకుపోతారు. ఇక్కడ మాత్రం గడ్డంతా పచ్చగా పూసి, ముట్టుకున్నవాళ్ళు లేక కొమ్మలు వంగిపోయి ఉన్నాయి. వాటి నడుమ సున్నం రాలిన పాత గోరీలు. అటుపక్కన మట్టి దిబ్బలు, గుర్తుకు పెట్టిన రాళ్ళు. నాలుగు మేకలు మేస్తున్నాయి. గోరీ నీడలో తువ్వాల పరుచుకొని ఒక ముసలాయన పడుకొని ఉన్నాడు.

“ఎవలు?” అని లేచాడు. “ఏ ఊరు?”

“నిజామాబాద్ తాతా. మా బాపు బొంద కాడికి వచ్చినం,” అంది త్రివేణి. “నువ్వెవలు?”

“పోశన్న. మాది సిరికొండ దిక్కు. ఈడికొచ్చి పదేండ్లయె. బొందలు తవ్వుత, మేకలు కాస్త.” భూమవ్వ ముఖంలోకి చూసి నవ్వాడు. “భయపడకు అవ్వా. మా దయ్యం మంచిది. పగటిపూట ఎవల్నీ ఏమనది.”

“నవ్వులాటనా నీకు?” అంది భూమవ్వ.

“నవ్వులాటెందుకు? ఆమె పుణ్యాన్నే ఈ జాగ మిగిలింది. దయ్యం లేకుంటే ఈపాటికి రాళ్లు పాతి ప్లాట్లు చేసి అమ్ముకుందురు. కారేసుకొని ఎవడన్న జాగ చూడనీకి వస్తే నేనే చెప్తా, పోయిన అమాసకు గూడ కనవడ్డది సారూ అని. మళ్ళ రాడు.”

త్రివేణికి నవ్వు ఆగలేదు. భూమవ్వ మాత్రం నవ్వేటట్టు లేదు. ఇరవై రెండేళ్ళయినా ఆమె కాళ్ళకు దారి గుర్తుంది. మూడో వరుస, మోదుగు చెట్టుకు ఎడంగా. గుర్తుకు పెట్టింది పగిలిన రోలు. రోలు కనిపించింది.

రోలు చుట్టూ గడ్డి పీకి ఉంది. మట్టి అలికి ఉంది. విస్తరాకులో అన్నం, రెండు గారెలు, గుప్పెడు తంగేడు పూలు. రోలు అంచున వరసగా అయిదు బీడీలు. చివరి బీడీ వెలిగించి ఉంది. సగం కాలింది. సన్నగా పొగ లేస్తోంది.

“ఎవలు పెట్టిన్రు అవ్వా? ఈసారి ఎవల్తోనన్న పంపినవా?”

భూమవ్వ వంగి ఒక బీడీ తీసి కళ్ళ దగ్గర పెట్టుకొంది.

బీడీలు చుట్టే ఆడవాళ్ళకు బీడీ చూస్తే మనిషి తెలుస్తుంది. కొందరు మూతి గట్టిగా ముడుస్తారు, కొందరు ఆకు అంచు వదిలేస్తారు. దారం చుట్టడంలో మాత్రం అందరిదీ ఒకటే దిక్కు, ఎందుకంటే అందరిదీ కుడిచెయ్యి. ఈ బీడీకి దారం ఎదురు దిక్కున తిరిగి ఉంది.

అట్లా చుట్టే చెయ్యి భూమవ్వ ఎరిగినంతలో ఒక్కటే. ఆ చేతికి పని నేర్పింది తనే. కుడిచేత్తో చుట్టమని ఎంత తిట్టినా మాట వినని చెయ్యి. కార్ఖానాలో ఏరి పక్కన పడేసిన ఆ బీడీలను శివకుమార్ ఇంటికి తెచ్చుకొని, “నాకు గివే కావాలె,” అని తాగేవాడు. తల్లి చుట్టినవి ముట్టుకొనేవాడు కాదు.

భూమవ్వ మోకాళ్ళు నేలకు ఆనాయి. బొడ్లో కత్తెర ఉన్న సంగతే మరిచిపోయింది. రెండు చేతులూ రోలు మీద పెట్టింది.

“సుమలతా! తప్పు నాదే బిడ్డా. నిన్ను సంపింది నేనే. దీన్ని పోనియ్యి. దీని ఎంబడి పోకు. నీకు నేను కావాల్నంటే ఇప్పుడే తీస్కపో. ఈడనే కూసుంట. దీన్ని మాత్రం ఇడిసిపెట్టు.”

చెరుకు ఆకులు గరగరలాడాయి. ఇంకేమీ జరగలేదు. వెనక నుంచి పోశన్న నవ్వు వినబడింది. ఈసారి అది వెక్కిరింపు నవ్వు కాదు.

“అవ్వా, లే. గా బీడీల కింద కాయితం చూడు బిడ్డా,” అన్నాడు త్రివేణితో. “గాలికి బీడీలు దొర్లకుంట కింద పెట్టి పోతది. ప్రతి అమాసకు గదే పని.”

త్రివేణి బీడీల కిందున్న కాగితం లాగింది. తన చేతిలో ఉన్నలాంటిదే. జీరో టికెట్. సాలూర నుంచి ఎడపల్లి. పొద్దున పది గంటలు. తేదీ ఈ రోజుదే.

“దయ్యమైతే ఆధార్ కార్డు చూపెట్టి బస్సు ఎక్కుతదా అవ్వా?” అన్నాడు పోశన్న.

భూమవ్వ టికెట్ వంక చూసింది. చదువు రాకపోయినా ఆ సున్నాను గుర్తుపట్టింది. పొద్దున తన చేతికి ఇచ్చిన సున్నా అదే.

త్రివేణి గట్టిగా అడిగింది. “అవ్వా, సుమలత మా అమ్మ పేరు. ‘నిన్ను సంపింది నేనే’ అన్నవ్. ఏంది గది?”

“ఇంటికి పోయినంక చెప్త.”

“ఈడనే చెప్పు. బాపు ముందర చెప్పు.”

భూమవ్వ కొడుకు రోలును పట్టుకొనే కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. ఎన్నో ఏళ్ళుగా ఎవరో అడుగుతారని ఎదురుచూసినట్టు, ఎక్కడా తడుముకోకుండా చెప్పింది.

“నీ బాపు దినాలు అయిన తెల్లారి మీ అమ్మను సాలూర పొమ్మన్న. ఆమె మేనత్త ఇంటికి. తల్లిదండ్రి లేని పిల్ల, ఇంకెక్కడికి పోతది? నీ ఎడమ చెయ్యి నా కొడుకును తిన్నది, నా మనవరాలిని ముట్టకు అన్న. సంచి గూడ నేనే సర్దిన. రెండు చీరలు, ఒక దువ్వెన. నిన్ను అడిగింది. ఇయ్యలేదు.”

త్రివేణి టికెట్‌ను మడత మీద మడత పెట్టింది.

“మూడో దినం, ఇంక తెల్లారలే. నా పక్కల పండుకున్నవ్ నువ్వు. తలుపు కాడ ‘అత్తమ్మా’ అని ఇనవడ్డది. లేచి కూసున్న. మా అవ్వ నాకు చిన్నప్పుడే చెప్పింది, దయ్యం రెండు మాట్లే పిలుస్తది, మూడోసారి పిలిస్తేనే మనిషి, అప్పుడే పలకాలె అని. మళ్ళ ‘అత్తమ్మా’ అన్నది. రెండయినయ్. నువ్వు లేచి ఏడుస్తున్నవ్. నీ నోరు మూసి, ఎదకు అదుముకున్న. ఇంకొక్కసారి పిలుస్తే తలుపు తీద్దామనే కూసున్న బిడ్డా. నీ మీద ఒట్టు. మూడోది పిలువలే.”

“పిలువకుంటే?”

“తెల్లారినంక మన ఊరి కాల్వ గట్టు మీద ఆమె చెప్పులు దొరికినయ్. అంతకు ముందే మునిగిందనుకున్న. తలుపు కాడికి వచ్చింది దయ్యమే అనుకున్న. శవం దొరకకపోతే పిండితోని బొమ్మ చేయించి, దాన్ని పూడ్చి, దినాలు చేయించిన.” ఆమె చేతిలోని బీడీ దారాన్ని గోటితో తడిమింది. “ఇరవై రెండేండ్లు గదే అనుకున్న. దయ్యం అనుకుంటే నిద్ర పట్టేది. మనిషి అనుకుంటే పట్టకపోయేది.”

పోశన్న తువ్వాలతో ముఖం తుడుచుకొన్నాడు. అతనికి ఇప్పుడు కథ మొత్తం తెలిసినట్టుంది.

“గామె గూడ ఇదే చెప్పింది అవ్వా. పేర్లు చెప్పలే. చావనీకే పోయిందట. చెప్పులు ఇడిసిందట. దునికేటప్పుడు పిల్ల యాదికొచ్చిందట. ఉత్త కాళ్లతోని ఇంటికి పోయి రెండుమాట్లు పిలిచిందట. లోపట పిల్ల ఏడుపు ఇనవడ్డది, ఎవలో నోరు మూసిన్రు. ఇంక పిలువనీకె నోరు రాలేదట. మళ్ళ మేనత్త ఇంటికే పోయిందట.”

“మరి మళ్ళ ఎందుకు రాలే?” త్రివేణి పోశన్న వైపు తిరిగింది. “ఒక్కసారన్న రావద్దా? నేను బడికి పోలేదా, కాలేజీకి పోలేదా? దారిల నిలవడి చూడద్దా?”

“దినాలు చేసిన్రని తెలిసింది గద బిడ్డా. ఆమె మేనత్త చెప్పిందట. దినాలయిన మనిషి మళ్ళ గడప తొక్కితే ఆ ఇంట్ల చిన్న పాణానికే కీడు అని. ఆ ఇంట్ల చిన్న పాణం ఎవలు? నువ్వే. గందుకే రాలే. నేను చచ్చినదాన్నే పోశన్నా, చచ్చినోళ్ళు బొందల కాడ తిరిగితే తప్పు లేదు అంటది. ప్రతి అమాసకు వస్తది, మొగనికి బీడీ ముట్టిచ్చి పోతది. మనుషులు కనవడితే కొంగు కప్పుకుంటది.”

భూమవ్వ పోశన్న ముఖంలోకే చూస్తోంది. తాను తలుపు తీయకపోవడానికి ఎలాంటి నమ్మకం కారణమో, కోడలు తలుపు దగ్గరికి మళ్ళీ రాకపోవడానికీ అలాంటిదే కారణం. ఒకే ఇంట్లో ఒకే చాట ముందు కూర్చుని ఆకు చుట్టిన ఇద్దరు ఆడవాళ్ళు. కోడలికి ఆ భయాలన్నీ నేర్పింది కూడా తనే.

“ఇప్పుడెక్కడుంది?” అంది త్రివేణి.

“ఇప్పుడా?” పోశన్న రోలు వైపు చూశాడు. బీడీ ఇంకా కాలుతూనే ఉంది. “మీరు బండిబాట ఎక్కినప్పుడే చూసింది. కొంగు కప్పుకొని చెరుకు పక్క నుంచి పోయింది. స్టేజీ కాడ ఉండి ఉంటది. పన్నెండు నలభైకి సాలూర బస్సు.”

త్రివేణి ఫోను తీసి చూసింది. పన్నెండు ముప్పై నాలుగు.

పరుగెత్తబోయి ఆగింది. వెనక్కి వచ్చి అవ్వ ముందు కూర్చుంది. ఆమె చేతిలోంచి బీడీ తీసుకొని తన పిడికిట్లో పెట్టుకొంది.

“నువ్వు నన్ను పెంచినవ్ అవ్వా,” అంది. “నాకు జ్వరమొస్తే పండుకోలే. చుట్టి చుట్టి వేళ్ళు పగిలినా నన్ను చదివిచ్చినవ్. నాకు తెలుసు. కాని ఇప్పుడు నీతోని ఏం మాట్లాడాల్నో తెలుస్తలేదు.”

“పో,” అంది భూమవ్వ. “నాతోని తర్వాత మాట్లాడు. పో బిడ్డా. అమ్మా అని గట్టిగ పిలువు. రెండుసార్లు పిలిచి ఊకోకు.”

చెప్పులు చేత్తో పట్టుకొని త్రివేణి బండిబాట మీద పరుగెత్తింది. మలుపు తిరిగేదాకా ఆమె పచ్చ చున్నీ కనిపించింది. తర్వాత చెరుకు అడ్డమొచ్చింది.

బస్సు హారన్ వినబడింది. ఆగిన చప్పుడు వినబడింది. “అమ్మా” అని ఒక కేక వచ్చిందో, మేక అరిచిందో, భూమవ్వకు తెలియలేదు. లేవడానికి పోశన్న చెయ్యి అందించాడు. లేచి నిలబడినా చెరుకు పైనుంచి ఏమీ కనిపించదు. బస్సు కదిలిన చప్పుడు బోధన్ వైపు పోయింది.

“ఎక్కిందా? కలిసిందా? చూడు పోశన్నా.”

పోశన్న బండిబాట చివరిదాకా పోయి వచ్చాడు. స్టేజీ దగ్గర ఎవరూ లేరన్నాడు.

భూమవ్వ కొడుకు రోలు మీద చెయ్యి ఆనించి, గొంతు కూడగట్టుకొని పిలిచింది.

“త్రివేణీ!”

చెరుకు గరగరలాడింది.

“త్రివేణీ!”

మేకలు తలెత్తి చూశాయి. ఆమె ఊపిరి తీసుకొంది. ఈ మూడోది ఇరవై రెండేళ్ళ కిందట తాను వినాల్సిన పిలుపు. ఇప్పుడు తానే పిలిచింది, ఉన్న బలమంతా పెట్టి.

“త్రివేణీ!”

రోలు అంచున బీడీ దారందాకా కాలి ఆరిపోయింది. నిజామాబాద్ ఇంట్లో చక్రాల బ్యాగు గోడకు ఆనించి ఉంది. ఆ పిల్ల పాస్‌పోర్టు దానిలోనే ఉంది.

త్రివేణి ఆ బండిబాట మీద తిరిగి రాలేదు. ఆ సాయంత్రం ఇంటికీ రాలేదు. ఆమె పోయింది ఆదివారం, పెత్తరమాసనాడు, మధ్యాహ్నం పన్నెండు నలభై సాలూర బస్సుకు.